కింద డెస్క్‌టాప్, పైన లాప్‌టాప్, మధ్యలో ఫైళ్లు వెళ్లట్లేదు: రెండింట్లోనూ నెట్ బాగానే వస్తోంది

ప్రొద్దుటూరు కోడలు

అందరికీ నమస్తే. మేం బెంగళూరు రామ్మూర్తి నగర్‌లో ఉంటాం. 30-40 సైటులో కట్టిన ఇల్లు, కింద అత్తయ్య మామయ్య, పైన మేమూ పిల్లలూ, మెట్లు బయట నుంచి. సమస్య చిన్నదే అనిపిస్తుంది కానీ నాలుగు రోజులుగా తెగట్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

మామయ్య దగ్గర నలభై దాకా పాత క్యాసెట్లున్నాయి. ఊళ్లో శివరాత్రికీ శ్రీరామనవమికీ జరిగిన భజనలు, వాళ్ల అన్నయ్య పాడిన బ్రహ్మంగారి తత్వాలు. ఆ పెద్దాయన ఇప్పుడు లేరు, ఆ గొంతు ఈ క్యాసెట్లలో తప్ప ఇంకెక్కడా లేదు. కొన్నింటి మీద బూజు పట్టింది, తిప్పిన ప్రతిసారీ ఇంకాస్త పాడవుతాయేమోనని ఒక్కసారే వేసి కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. టేప్ రికార్డర్ వైరు ఆయన డెస్క్‌టాప్ వెనకాల ఉన్న లేత నీలం రంధ్రంలోకి వెళ్తుంది. నా లాప్‌టాప్‌కి అలాంటిది లేదు, ఉన్న ఒక్క రంధ్రం హెడ్‌ఫోన్‌దే, అందులో మైకు ఒకే చానెల్ తీసుకుంటుంది. కాబట్టి రికార్డింగ్ కిందే జరగాలి. గరగర తీసేసే పని నేను పైన లాప్‌టాప్‌లో చేస్తాను. గంట క్యాసెట్ వేవ్ ఫైలుగా 600 ఎంబీ వస్తోంది.

ఇప్పటిదాకా పెన్‌డ్రైవ్‌లో వేసి ఆయనే పైకి తెచ్చిస్తున్నారు. మోకాళ్ల నొప్పులు, పైగా రోజూ సాయంత్రమయ్యేసరికి వాన, మెట్లు తడిసి ఉంటాయి. వద్దు మామయ్యా నేనే వస్తా అన్నా వినరు. అందుకే నెట్‌వర్క్‌లో షేర్ చేసుకుందామని మొదలుపెట్టా.

లాప్‌టాప్ విండోస్ 11 ప్రో, 24హెచ్2. డెస్క్‌టాప్ విండోస్ 10 హోమ్, ప్రాసెసర్ పాతది కాబట్టి 11కి వెళ్లదు. లాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్ షేర్ చేశా. కింద డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్ తెరిస్తే నా లాప్‌టాప్ కనపడదు. లాప్‌టాప్ పేరు చేత్తో కొట్టినా, ఐపీ అడ్రస్ కొట్టినా కాసేపు తిరిగి నెట్‌వర్క్ పాత్ దొరకలేదని వస్తుంది, ఎర్రర్ నంబర్ చివర 80070035 అని ఉంది. రెండింట్లోనూ ఇంటర్నెట్ చక్కగా వస్తోంది, ఇంటికి కనెక్షన్ ఒక్కటే. ఇంకో సంగతి, సంబంధం ఉందో లేదో తెలీదు గానీ, కింద పెట్టిన వైఫై ప్రింటర్ పైన మా ఫోన్లకి ఎప్పుడూ కనపడలేదు. మా ఆయన ఆఫీసు లాప్‌టాప్ నుంచి కూడా ప్రయత్నించాం, అదీ కాలేదు.

మారతహళ్లి మనోడు

అక్కా, ఇది అందరికీ వచ్చేదే. అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి రెండింట్లోనూ నెట్‌వర్క్ డిస్కవరీ, ఫైల్ షేరింగ్ ఆన్ చేయండి. పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆఫ్ చేయండి. విండోస్ ఫీచర్స్‌లో ఎస్ఎంబీ 1 (విండోస్ మిషన్లు ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి) అని ఉంటుంది, దానికి టిక్ పెట్టి రీస్టార్ట్. అప్పటికీ రాకపోతే ఫైర్‌వాల్ ఆఫ్ చేసి చూడండి. మా రూములో ఇలాగే చేశాం, వెంటనే కనపడింది.

తుంగభద్ర

మొదటి రెండూ సరే, ఎలాగూ ఉండాల్సినవే. మిగతావి మాత్రం చేయకండి, చేసి ఉంటే వెనక్కి తిప్పేయండి.

ఎస్ఎంబీ 1 ఎందుకు వద్దంటున్నానంటే, 2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా తిరిగింది ఆ దారినే. మన ఆంధ్రాలో పోలీసుల కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయని అప్పట్లో పేపర్లలో వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది, వేసుకోని మిషన్లు పోయాయి. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి కొత్తగా వేసుకున్న విండోస్‌లో ఎస్ఎంబీ 1 రావడమే మానేసింది. మీ రెండు మిషన్లూ ఎస్ఎంబీ 2, 3 మాట్లాడతాయి, పాతదాని అవసరం మీకు అస్సలు లేదు. పైగా మామయ్య గారి డెస్క్‌టాప్ విండోస్ 10, దాని మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అలాంటి మిషన్‌కి ఫైర్‌వాల్ తీసేయడమంటే, ఆ క్యాసెట్ల పనంతా ఎక్కడ పేరుస్తున్నారో ఆ ఇంటికే తలుపు తీసిపెట్టినట్టు.

సెట్టింగులు కదపకముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. "ఇంటికి కనెక్షన్ ఒక్కటే" అన్నారు. కనెక్షన్ ఒక్కటే సరే, రౌటర్లు ఎన్ని? కిందా పైనా వేరువేరు డబ్బాలున్నాయా? ప్రింటర్ మాట చెప్పారు కాబట్టి నా అనుమానమంతా అక్కడే ఉంది.

ఈ మూడూ చూసి చెప్పండి. రెండు మిషన్లలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టి, ఐపీవీ4 అడ్రస్, డీఫాల్ట్ గేట్‌వే (అంటే ఆ మిషన్‌కి నెట్ ఇచ్చే రౌటర్ అడ్రస్) రెండూ రాసుకోండి. ఇవి ఇంటి లోపలి నంబర్లే, ఇక్కడ పెట్టినా ఇబ్బంది లేదు. రెండోది, ఇప్పటిదాకా కిందనుంచి పైకి ప్రయత్నించారు కదా, ఈసారి తిరగేయండి. డెస్క్‌టాప్‌లో ఒక ఫోల్డర్ షేర్ చేసి, పైనుంచి లాప్‌టాప్‌లో రెండు వెనకగీతలు (\\) పెట్టి డెస్క్‌టాప్ ఐపీ కొట్టి ఏం వస్తుందో ఉన్నదున్నట్టు రాయండి. మూడోది, పైన రౌటర్ ఉంటే కిందనుంచి వచ్చిన కేబుల్ దాని ఏ రంధ్రంలో ఉందో చూడండి, వాన్ (బయటినుంచి నెట్ తీసుకునేది) అనే దాంట్లోనా, లాన్ (ఇంట్లోని మిషన్లకి ఇచ్చేవి) అనే వాటిలోనా.

ఆఫీసు లాప్‌టాప్‌ని దీన్నుంచి వదిలేయండి. వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే ప్రత్యేక దారి) ఆన్‌లో ఉన్నప్పుడు ఇంటి నెట్‌వర్క్‌ని ముట్టుకోనివ్వకుండా చాలా కంపెనీలు కట్టేస్తాయి, ఇంట్లో అందులో ఏం మార్చినా తర్వాత ఆయనకే తలనొప్పి.

ప్రొద్దుటూరు కోడలు

థ్యాంక్సండీ. ఎస్ఎంబీ 1 పెట్టలేదు, ఫైర్‌వాల్ జోలికీ పోలేదు. పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ మాత్రం రెండింట్లోనూ ఆఫ్ చేసేశా, మీ పోస్టు చూడకముందే.

డెస్క్‌టాప్‌కి కేబుల్ నేరుగా ఫైబర్ డబ్బా నుంచి వస్తోంది. ఐపీ 192.168.1.34, గేట్‌వే 192.168.1.1.
లాప్‌టాప్ పైన వైఫై మీద. ఐపీ 192.168.0.105, గేట్‌వే 192.168.0.1.

అవును, పైన ఇంకో రౌటర్ ఉంది. కింది వైఫై పైకి అందట్లేదని రెండేళ్ల కిందట కొన్నాం. నెట్ వాళ్ల అబ్బాయే వచ్చి కిటికీ పక్కనుంచి కేబుల్ లాగి పెట్టి వెళ్లాడు. ఇప్పుడు వెళ్లి చూశా, కేబుల్ మిగతా వాటికి కాస్త ఎడంగా ఉన్న నీలం రంధ్రంలో ఉంది, పైన వాన్ అని రాసి ఉంది.

తిరగేసి చేస్తే వేరే మెసేజ్ వచ్చింది. మీ సంస్థ భద్రతా నియమాలు పేరూ పాస్‌వర్డూ లేని గెస్ట్ యాక్సెస్‌ని ఆపేస్తున్నాయి కాబట్టి ఈ ఫోల్డర్ తెరవలేరు అని దాని సారాంశం. ఇది నా డబ్బుతో నేను కొనుక్కున్న లాప్‌టాప్, ఏ సంస్థకీ సంబంధం లేదు. ఎవరైనా ఇందులోకి దూరారేమోనని రాత్రంతా టెన్షన్.

తుంగభద్ర

టెన్షన్ పడకండి, ఎవరూ దూరలేదు. ఆ మెసేజ్ రావడం నిజానికి మంచి కబురు, ఎందుకో చెప్తా.

ముందు నంబర్లు చూడండి. ఒకటి 192.168.1 తో మొదలవుతోంది, ఇంకోటి 192.168.0 తో. ఇళ్లలో వాడే మామూలు సెట్టింగ్‌లో చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల్లో మొదటి మూడూ కలిస్తేనే రెండూ ఒకే నెట్‌వర్క్. మీ ఇంట్లో ఒకదాని లోపల ఇంకోటి, రెండు నెట్‌వర్కులున్నాయి. ఫైబర్ డబ్బా ఒకటి నడుపుతోంది, పై రౌటర్ తన వాన్ రంధ్రం నుంచి నెట్ తీసుకుని తన కింద వేరే నెట్‌వర్క్ పెట్టుకుంది. పెట్టిన అబ్బాయి తప్పు చేశాడని కూడా అనలేం, పైకి ఇంటర్నెట్ రావాలన్నారు, వచ్చింది. ఇంటర్నెట్ వరకు రెండు చోట్లా ఏ తేడా తెలీదు, అందుకే ఈ అమరికని ఎవరూ అనుమానించరు.

పై రౌటర్ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ లాగా పనిచేస్తుంది. లోపలివాళ్లు బయటికి వెళ్లొచ్చు, వెళ్లినవాళ్లకి బదులు వస్తే ఎవరికివ్వాలో అతనికి గుర్తుంటుంది. బయటనుంచి ఎవరో తమంతట తాము వచ్చి 105కి వెళ్లాలంటే మాత్రం పంపడు. అసలు డెస్క్‌టాప్‌కి 192.168.0.105 అనేది ఇంట్లో ఉన్నదనే తెలీదు, ఆ అడ్రస్ అడిగితే ఫైబర్ డబ్బాకిస్తుంది, దానికీ తెలీదు. మీకు కిందనుంచి పైకి 80070035 వచ్చింది ఇందుకే. పైనుంచి కిందికి మాత్రం లాప్‌టాప్ వెళ్లగలిగింది, డెస్క్‌టాప్ తలుపు తట్టింది, అది పలికింది. పలికిన తర్వాత గెస్ట్‌గా రానిస్తానన్నది డెస్క్‌టాప్, గెస్ట్‌గా వెళ్లను అన్నది లాప్‌టాప్. అంటే దారి ఉంది, మిగిలింది పేరూ పాస్‌వర్డూ సంగతే.

ఇక కంప్యూటర్లు ఒకదానికొకటి నెట్‌వర్క్‌లో కనపడాలంటే, ప్రింటర్ ఫోన్‌కి కనపడాలంటే, అవి "ఎవరున్నారిక్కడ" అని ఆ నెట్‌వర్క్‌లో అందరికీ వినపడేలా కేకేస్తాయి. ఆ కేక రౌటర్ దాటి వెళ్లదు. మీ ప్రింటర్ సమస్య కూడా ఇదే.

ఐపీ కొట్టి పైనుంచి కిందికి వాడుకుంటూ కాలం గడపొచ్చు, నిజమే. కానీ ప్రింటర్ కూడా కావాలి కాబట్టి రెండు నెట్‌వర్కుల్నీ ఒకటి చేయడమే నయం. పై రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చాలి, అంటే అది తన వేరే నెట్‌వర్క్ మానేసి కింది నెట్‌వర్క్‌నే పైన వైఫైగా ఇస్తుంది.

కేబుల్ చూసేవాడు

నేను ఈ పనే చేస్తాను, కేఆర్ పురం, హొరమావు వైపు ఇళ్లకీ పీజీలకీ నెట్‌వర్క్ వేస్తాం. మీ ఇంట్లో ఉన్నట్టే పది ఇళ్లకి ఏడెనిమిది ఇళ్లలో చూస్తుంటాను, కాబట్టి చేతిలో ఉన్న పద్ధతి చెప్తా మేడమ్.

ముందు పై రౌటర్ సెట్టింగ్స్ పేజీ మొత్తం ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి, వైఫై పేరు, పాస్‌వర్డ్ అన్నీ. తర్వాత ఆ పేజీలో ఆపరేషన్ మోడ్ అని వెతకండి, అడ్వాన్స్‌డ్‌లోనో సిస్టమ్‌లోనో ఉంటుంది. అందులో యాక్సెస్ పాయింట్ అని ఉంటే అది ఎంచుకుని సేవ్ చేస్తే చాలు, రౌటర్ తనే రీస్టార్ట్ అవుతుంది, కేబుల్ వాన్‌లోనే ఉండనివ్వొచ్చు. రిపీటర్ అని కూడా ఉండొచ్చు, అది వద్దు, కేబుల్ ఉన్నప్పుడు గాలిలోంచి తీసుకోవడం ఎందుకు.

ఆ మోడ్ లేని పాత రౌటర్ అయితే చేత్తో చేయాలి. మొదట దాని లాన్ ఐపీని 192.168.1.2 లాంటిదానికి మార్చండి, ఆ నంబర్ ఫైబర్ డబ్బా పంచే వరసలో లేకుండా చూసుకోండి. తర్వాత అందులో డీహెచ్‌సీపీ ఆఫ్. అడ్రస్‌లు పంచేది ఇంట్లో ఒక్కరే ఉండాలి, ఇద్దరు పంచితే ఒకరోజు వస్తుంది ఒకరోజు రాదు, కారణం తెలీక పిచ్చెక్కుతుంది. చివరగా కేబుల్‌ని వాన్‌లోంచి తీసి లాన్ రంధ్రాల్లో ఒకదాంట్లో పెట్టండి. ఈ వరస తప్పొద్దు, డీహెచ్‌సీపీ ముందే ఆపేస్తే సెట్టింగ్స్ పేజీలోకే మళ్లీ వెళ్లలేక ఇబ్బంది పడతారు.

అయ్యాక లాప్‌టాప్ వైఫై ఒకసారి ఆపి పెట్టండి. ఐపీ 192.168.1 తో మొదలవ్వాలి. ఒకవేళ 169.254 అని వస్తే అడ్రస్ ఎవరూ ఇవ్వలేదని అర్థం, కేబుల్ వదులుగా ఉందేమో చూడండి. పైన గెస్ట్ వైఫై అని ఇంకోటి పెట్టుకుని ఉంటే అందులో ఉండకండి, గెస్ట్‌లో ఉన్నవాటిని మిగతావాటితో మాట్లాడనివ్వరు.

ఇంకో మాట. మామయ్య గారి డెస్క్‌టాప్‌కి ఫైబర్ డబ్బాలో అడ్రస్ రిజర్వ్ చేసేయండి, ఎప్పుడూ 34 నంబరే వచ్చేలాగా. మన దగ్గర కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నంబర్ మారే అవకాశం ఉంటుంది, మారితే మీరు పెట్టుకున్న షార్ట్‌కట్ పనిచేయదు.

ప్రొద్దుటూరు కోడలు

అయ్యింది! మా రౌటర్లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంది. రెండు నిమిషాలు అన్ని లైట్లూ ఆరిపోయి, నారింజ రంగు వచ్చి, మళ్లీ పచ్చగా వెలిగాయి. లాప్‌టాప్ ఐపీ ఇప్పుడు 192.168.1.41. పైనుంచి ఫోన్‌లో ప్రింటర్ కనపడింది, రెండేళ్లలో మొదటిసారి. మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు కాగితాలు మంచం మీద కూర్చునే ప్రింట్ ఇచ్చింది.

కానీ ఫోల్డర్ ఇంకా రాలేదు. తుంగభద్ర గారు చెప్పినట్టు పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ మళ్లీ ఆన్ చేశా. ఇప్పుడు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. మామయ్య రోజూ కొట్టే నాలుగంకెల పిన్ కొట్టా, తప్పు అంటోంది. ఆయన ఈమెయిల్ పెట్టి పిన్ కొట్టా, అదీ తప్పే. నా లాప్‌టాప్ పాస్‌వర్డ్ కొట్టి గుర్తుపెట్టుకో అని టిక్ కూడా పెట్టా, ఇప్పుడైతే అడగడం కూడా లేదు, నేరుగా కుదరదంటోంది.

మారతహళ్లి మనోడు

అక్కా, ముందు నా మాట వెనక్కి తీసుకుంటున్నా. ఫైర్‌వాల్ ఆపమని చెప్పకుండా ఉండాల్సింది, మా రూములో కూడా మొన్న ఆన్ చేసేశాను, అయినా షేరింగ్ పనిచేస్తోంది.

పిన్ సంగతి నాకు తెలుసు, నేను కూడా అక్కడే ఇరుక్కున్నా. పిన్ ఆ ఒక్క మిషన్ ముందు కూర్చున్నవాళ్లకే, నెట్‌వర్క్‌లోంచి వచ్చేవాళ్లకి అది పనిచేయదు. అసలు అకౌంట్ పాస్‌వర్డే కావాలి. మామయ్య గారిది మైక్రోసాఫ్ట్ అకౌంట్ అయితే ఆ ఈమెయిల్ పాస్‌వర్డ్. అది ఎవరికీ గుర్తుండదు.

తుంగభద్ర

గుర్తున్నా అది వాడొద్దనే నేను అంటాను. ఆయన ఈమెయిల్ పాస్‌వర్డ్ ఇంకో మిషన్‌లో దాచిపెట్టడం దేనికి. డెస్క్‌టాప్‌లో ఈ పనికోసమే ఒక చిన్న లోకల్ అకౌంట్ చేయండి. సెట్టింగ్స్, అకౌంట్స్, ఫ్యామిలీ అండ్ అదర్ యూజర్స్, అందులో ఈ పీసీకి ఇంకొకరిని చేర్చు అని ఉంటుంది. ఈమెయిల్ అడుగుతుంది, ఇవ్వకుండా వారి వివరాలు నా దగ్గర లేవు అని నొక్కండి, తర్వాతి పేజీలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా చేర్చు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. పేరు క్యాసెట్ అని పెట్టుకోండి, ఇంగ్లీషు అక్షరాల్లో, స్పేస్ లేకుండా. పాస్‌వర్డ్ తప్పకుండా పెట్టాలి, ఖాళీగా వదిలిన అకౌంట్‌ని విండోస్ నెట్‌వర్క్‌లోంచి రానివ్వదు. అడ్మినిస్ట్రేటర్ చేయొద్దు, మామూలు యూజర్ చాలు.

తర్వాత షేర్ చేసిన ఫోల్డర్‌కి ఆ క్యాసెట్ యూజర్‌ని చేర్చండి.

మీరు గుర్తుపెట్టుకో అని టిక్ పెట్టిన తప్పు పాస్‌వర్డ్ ఇప్పుడు అడ్డం పడుతోంది. లాప్‌టాప్ కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో ఆ 34 నంబర్ ఉన్నది తీసేయండి, లాప్‌టాప్ రీస్టార్ట్ చేయండి. రీస్టార్ట్ తప్పనిసరి, ఎందుకంటే ఒకే మిషన్‌కి రెండు పేర్లతో ఒకేసారి కనెక్ట్ అవడాన్ని విండోస్ ఒప్పుకోదు, పాత పేరుతో సగం తెరిచిన కనెక్షన్ లోపల ఉండిపోతుంది. మళ్లీ అడిగినప్పుడు యూజర్ నేమ్ దగ్గర డెస్క్‌టాప్ పేరు, ఒక వెనకగీత, క్యాసెట్ అని కొట్టండి. ఒట్టి క్యాసెట్ అని కొడితే కొన్నిసార్లు అది మీ లాప్‌టాప్‌లోని యూజర్ అనుకుంటుంది.

ఆ సంస్థ అనే మెసేజ్ గురించి కూడా చెప్పేస్తా. 24హెచ్2 నుంచి ప్రో ఎడిషన్ గెస్ట్‌గా వెళ్లడాన్ని తనంతట తానే ఆపేస్తుంది, రెండు మిషన్ల మధ్య వెళ్లే ప్రతి డేటా ముక్క మీదా డిజిటల్ సంతకం ఉండాలంటుంది, గెస్ట్‌కి పాస్‌వర్డ్ లేదు కాబట్టి సంతకం పెట్టలేడు. ఆ వాక్యం ఆఫీసు కంప్యూటర్ల కోసం రాసింది, ఇళ్లకీ అదే చూపిస్తోంది. రిజిస్ట్రీలో ఒక అంకె మార్చి దాన్ని దాటించే వీడియోలు చాలా కనపడతాయి, వాటి జోలికి పోవద్దు. పేరూ పాస్‌వర్డూ ఇస్తే ఆ మెసేజే రాదు.

ప్రొద్దుటూరు కోడలు

తెరుచుకుంది!! రీస్టార్ట్ అయ్యాక అడిగింది, మీరు చెప్పినట్టే కొట్టా, ఫోల్డర్ తెరుచుకుంది. లోపల మామయ్య పెట్టిన పేర్లతో పదకొండు ఫైళ్లు. క్యాసెట్ అట్ట మీద ఆయన నీలం సిరాతో రాసుకున్నది ఉన్నదున్నట్టు ఫైలుకి పెట్టారు, "శివరాత్రి భజన 1991 రెండో వైపు". అది చూసి నేనూ మా ఆయనా కాసేపు అలాగే ఉండిపోయాం.

కాపీ కూడా అవుతోంది, 600 ఎంబీకి నిమిషం పట్టింది. గరగర తీసిన ఫైలు వెనక్కి అదే ఫోల్డర్‌లో పెడదామంటే మాత్రం అనుమతి లేదు అంటోంది.

కేబుల్ చూసేవాడు

మెల్లగా అనిపిస్తే ఒకటి చూడండి మేడమ్. నిమిషానికి 600 అంటే సెకనుకి 10 ఎంబీ. కిటికీలోంచి లాగిన కేబుల్‌లో ఒక తీగ సరిగ్గా కూర్చోకపోయినా, ఎక్కడైనా 100 మెగాబిట్ పోర్ట్ ఉన్నా ఇంతే వస్తుంది, సెకనుకి 11 ఎంబీ దాటదు. గిగాబిట్ అయితే కేబుల్ మీద 100 ఎంబీ పైన వస్తుంది, వైఫై మీద అంతకంటే తక్కువే. మీ పనికి ఇది చాలు, మార్చాల్సిన అవసరం లేదు.

తుంగభద్ర

అనుమతి రెండు చోట్ల ఉంటుంది. షేరింగ్ ట్యాబ్‌లో ఒకటి, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఒకటి. రెండింట్లో ఏది తక్కువ ఇస్తే అదే చెల్లుతుంది. అడ్వాన్స్‌డ్ షేరింగ్ ద్వారా చేస్తే మొదట చదవడానికి మాత్రమే ఇస్తుంది, మీకు అదే అయ్యింది.

అయితే ఆ ఫోల్డర్‌కి రాసే అనుమతి ఇవ్వకండి. దీని మీద కాస్త గట్టిగానే చెప్తున్నా, ఎందుకంటే మీ దగ్గరున్నవి మళ్లీ దొరకనివి. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఒక ఫైలు డిలీట్ చేస్తే అది రీసైకిల్ బిన్‌కి వెళ్లదు, మీ లాప్‌టాప్‌లోనూ ఉండదు, డెస్క్‌టాప్‌లోనూ ఉండదు, నేరుగా పోతుంది. పిల్లలు కూర్చున్నప్పుడు ఒక్క మీట చాలు. క్యాసెట్ ఒక్కసారే తిప్పుతున్నామన్నారు, రెండోసారి తిప్పితే తెగిపోతే?

అందుకని రెండు ఫోల్డర్లు చేయండి. "అసలు" అని ఒకటి, అందులో మామయ్య గారు రికార్డ్ చేసినవి, క్యాసెట్ యూజర్‌కి చదవడానికి మాత్రమే. "శుభ్రం చేసినవి" అని ఇంకోటి, దానికి రెండు ట్యాబుల్లోనూ రాసే అనుమతి. మీరు అసలులోంచి కాపీ చేసుకుని, లాప్‌టాప్ డిస్క్ మీదే పనిచేసి, అయినదాన్ని రెండోదాంట్లో పెట్టండి. గరగర తీయడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నట్టైతే దాని ప్రాజెక్ట్ ఫైలుని నేరుగా నెట్‌వర్క్ ఫోల్డర్‌లో తెరవడం, సేవ్ చేయడం వద్దు, మధ్యలో వైఫై ఒక్క క్షణం పోయినా ప్రాజెక్ట్ చెడిపోవచ్చు.

ఇంకా, అసలు ఫోల్డర్‌ని వారానికొకసారి బయటి హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించి, ఎక్కించాక వైరు పీకేసి బీరువాలో పెట్టండి. షేరింగ్ ఉంటే రెండు చోట్ల ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ ఫైలు ఉన్నది కింద ఒక్క డిస్క్ మీదే. నలభై క్యాసెట్లూ గంటవే అనుకున్నా 24 జీబీ, ఎంత చిన్న హార్డ్‌డిస్క్ అయినా సరిపోతుంది.

ప్రొద్దుటూరు కోడలు

మీరు చెప్పాక చూస్తే గుండె జల్లుమంది, నిజంగానే ఒకటే చోట ఉన్నాయి. రాత్రే రెండు ఫోల్డర్లూ చేశాం. మా ఆయన పాత హార్డ్‌డిస్క్ ఒకటి ఖాళీ చేసి ఇచ్చారు, అందులోకి అన్నీ ఎక్కించి అత్తయ్య పట్టుచీరల అరలో పెట్టాం. నేను కావాలనే అసలు ఫోల్డర్‌లో ఒక ఫైలు డిలీట్ చేయబోయి చూశా, అనుమతి లేదని వచ్చింది. ఈసారి ఆ మాట చదివితే ధైర్యంగా అనిపించింది.

మధ్యాహ్నం ఒకసారి ఫోల్డర్ మాయమైంది, మళ్లీ మొదటికొచ్చిందా అనుకున్నా. కిందికెళ్లి చూస్తే డెస్క్‌టాప్ నిద్రపోయింది. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ని నెవర్ పెట్టా, స్క్రీన్ మాత్రం ఆరిపోతుంది. ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

సాయంత్రం మొదటి క్యాసెట్ శుభ్రం చేసి పైనుంచే పంపించా. పంపించి ఫోన్ చేసి చెప్పా, మామయ్యా రెండో ఫోల్డర్ తెరవండి అని. కాసేపటికి కిటికీలోంచి వినపడింది, తాళాలు, వెనకాల ఎవరో పిల్లవాడు ఏడుపు, ఆ మధ్యలో ఆ పెద్దాయన గొంతు. మామయ్య అదే పల్లవి మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నారు. తర్వాత ఫోన్ చేసి, ఆ ఏడుస్తున్నది మీ ఆయనేనమ్మా, ఆ ఏడుపు మాత్రం తీసేయకు అన్నారు.

కేబుల్ చూసేవాడు

చాలా సంతోషం మేడమ్. వీలున్నప్పుడు ఆ కిటికీ దగ్గర కేబుల్‌కి ఒక పైపు తొడిగించండి, ఎండకీ వానకీ పైపొర రెండు మూడేళ్లలో పగులుతుంది.